చేటలోని పుచ్చు గింజ
(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈవేళ మీతో వేరుశెనగ గింజ గురించి మాట్లాడాలని వచ్చాను. కోస్తా వాళ్ళకు వేరుశెనగ, సీమ వాళ్ళకు శెనక్కాయ, తెలంగాణాలో పల్లీ. పేరేదైనా, మన వంటింట్లో అది లేని రోజుండదు. పొద్దున్నే ఇడ్లీలోకి చట్నీ, మధ్యాహ్నం పులిహోరలో తాలింపు, సాయంత్రం బడినుంచి వచ్చిన పిల్లలకు బెల్లంతో వుండలు. అంత పరిచయమైన గింజ గురించి కొత్తగా చెప్పేదేముంటుందని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, ఒక బస్తా మా యింటికొచ్చేదాకా.

ఆ సంవత్సరం మా అత్తగారి వూరినుంచి కాయలు వచ్చాయి. చెట్లు పీకి కుప్పలు వేసిన సమయంలో నాలుగు రోజులు ముసురు పట్టిందట. తడిసిన కాయల్నే పైపైన ఆరబెట్టి, బస్తాకెత్తి, లారీలో పంపించారు. విప్పగానే ముక్కిన వాసన కొట్టింది. కొన్ని కాయల మీద పచ్చగా, బూడిద రంగుగా బూజుంది. పారేయడానికి నాకు మనసొప్పలేదు. సొంత పొలం పంట! పైగా చిన్నప్పటినుంచీ మనకు చెప్పిందేమిటి? తిండిగింజ పారేస్తే పాపమని. సరే, ఒలిచాను, ఏరాను. మంచివి మాకు డబ్బాలో పోశాను. ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ ఒక సంచిలో పోసి, మా యింట్లో పనిచేసే ఆవిడకిచ్చాను. వాళ్ళది పాలమూరు వైపు పల్లెటూరు, పల్లీ పండే నేల.

ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి వాసన చూసింది. చూసి, "అమ్మా, ఇవి మేము కోళ్ళకు గూడ ఎయ్యం. మీరు తినరని నాకిస్తున్నరా?" అంది. కోపంగా అనలేదు. మామూలుగానే అంది. సంచి గట్టుమీద పెట్టి, అంట్లు తోముకుని వెళ్ళిపోయింది.

ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఆవిడకు తెలిసిన విషయం నాకెందుకు తెలియలేదు? అసలు ఆ గింజలో ఏముంది? మా మరిది వ్యవసాయశాఖలో పనిచేసి రిటైరయ్యాడు. అతన్ని అడిగితే పుస్తకాలూ, కాగితాలూ తెచ్చిచ్చాడు. "వదినా, నువ్వడిగింది చిన్న ప్రశ్న కాదు, దాని మీద ప్రపంచమంతా అరవై యేళ్ళుగా పరిశోధన జరుగుతోంది" అన్నాడు. నేను చదివి తెలుసుకున్నది ఇవాళ మీకు చెబుతాను.

కథ కోళ్ళతోనే మొదలైంది. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్ళు వుండి వున్నట్టుండి చనిపోవడం మొదలుపెట్టాయి. ఒకటీ రెండూ కాదు, కొద్ది నెలల్లో లక్షకు పైగా. బాతుపిల్లలు కూడా చచ్చిపోయాయి. ఏ క్రిమీ దొరకలేదు, ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే జబ్బులా కనిపించలేదు. లెక్కల్లో తెలియని సంఖ్యను ఎక్స్ అనుకుంటాం కదా, అలాగే దానికి "టర్కీ ఎక్స్ జబ్బు" అని పేరు పెట్టారు. కోసి చూస్తే కాలేయం, అదే లివరు, పాడైపోయి వుంది. చివరికి వాటికి పెట్టిన దాణా మీదికి దృష్టి మళ్ళింది. అందులో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశెనగ పిండి వుంది. ఆ పిండి మానిపిస్తే చావులు ఆగాయి.

పిండిలో వున్నదేమిటో 1961 నాటికి తేలింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే విషం. బూజు పేరులోని మొదటి అక్షరాలు కలిపి ఆ విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు దానిమీద పడితే వెలుగుతుంది. అందులో ఒక రకం నీలంగా, ఇంకో రకం ఆకుపచ్చగా. అన్నిటిలోకీ చెడ్డది నీలంగా వెలిగేదే.

ఇక్కడ మనం ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. బూజు వేరు, బూజు వదిలిన విషం వేరు. బూజును కడిగేయవచ్చు, తుడిచేయవచ్చు, ఎండలో పెడితే ఎండిపోతుంది. విషం మాత్రం గింజలోపలికి ఇంకిపోయి వుంటుంది. ఉడికించినా పోదు. మన వంటింటి మంట మీద వేయించితే కొంత తగ్గుతుందేమో గాని పూర్తిగా పోదు. "వేయిస్తే అన్నీ పోతాయి" అని నేననుకున్నానే, అది పొరపాటని అప్పుడు తెలిసింది.

మరి ఈ బూజు గింజలోకి ఎలా వస్తుంది? మొక్కల శాస్త్రం చదివిన వాళ్ళు చెప్పేది వింటే ఆశ్చర్యంగా వుంటుంది. వేరుశెనగ పువ్వు నేలపైన పూస్తుంది. కాయ మాత్రం నేలలోపల కాస్తుంది. పువ్వు రాలిన తర్వాత అక్కడినుంచి ఒక ఊడ దిగి, మట్టిలోకి దూరి, దాని కొన కాయవుతుంది. అంటే ఆ కాయ నెలల తరబడి మట్టిలోనే వుంటుంది. ఆ మట్టిలోనే ఈ బూజూ వుంటుంది. అంత దగ్గరగా వుండి కూడా మామూలుగా ఏమీ కాదు. ఎందుకంటే గింజకు తన్ను తాను కాపాడుకునే శక్తి వుంది. బూజు తగలగానే దాన్ని అడ్డుకునే పదార్థాలను గింజే తయారుచేసుకుంటుంది. అయితే అందుకు గింజలో తగినంత తడి వుండాలి. కాయ ముదిరే చివరి నెల, నెలన్నర రోజుల్లో వాన మొహం చాటేసిందనుకోండి, నేల కాగిపోతుంది, గింజలో నీరు తగ్గుతుంది, ఆ కాపుదల పోతుంది. ఈ బూజు మాత్రం ఎండకూ వేడికీ తట్టుకుంటుంది. అప్పుడు లోపలికి చొరబడుతుంది. చెదలు కొరికిన కాయ, పగిలిన కాయ అయితే దానికి తలుపులు తెరిచినట్టే.

అంటే ఎండాకాలమే కాదు, కరువు కూడా మన చట్నీలోకి వస్తుందన్నమాట. అనంతపురం లాంటి చోట్ల వేరుశెనగ రైతు వాన కోసం ఆకాశం వంక చూసే చూపుకీ, మన గిన్నెలోని పచ్చడికీ ఇంత సంబంధం వుంది. ఆ తర్వాత పీకే రోజుల్లో వాన పడితే రెండో ప్రమాదం. కుప్పలోనే బూజు పెరుగుతుంది. మూడో ప్రమాదం నిలవ చేసేటప్పుడు. గింజ విరగకుండా వుండాలని కాయల మీద నీళ్ళు చల్లి ఒలిపించే అలవాటొకటి వుంది. ఆ తడి ఆరకుండా బస్తాకెత్తితే బూజుకు పండగే.

కోళ్ళ సంగతి సరే, మనుషుల మాటేమిటంటారా? ఇప్పుడు చెప్పబోయేది కాస్త మనసు దిటవు చేసుకుని వినండి.

1974 చివరి నెలల్లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లాలో, దాన్ని ఆనుకుని గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలో గిరిజన పల్లెల్లో జనానికి కామెర్లు వచ్చాయి. మామూలు కామెర్లు కావు. కళ్ళు పచ్చబడడం, కాళ్ళు వాయడం, రోజుల్లోనే పొట్టలో నీరు చేరి కుండలా వుబ్బడం. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు మంచాన పడ్డారు. అంటువ్యాధి అని మొదట అనుకున్నారు. కాని అంటువ్యాధి అయితే వూళ్ళో అందరికీ రావాలి కదా? ఇది మొక్కజొన్న రొట్టె ప్రధానాహారంగా తినే పేద కుటుంబాలకే వచ్చింది. అంతేకాదు, ఆ యిళ్ళలో మిగిలిన రొట్టెలు తిన్న కుక్కలకు కూడా కామెర్లు వచ్చాయి, పొట్టలు వుబ్బాయి. కుక్కలూ మనుషులూ పంచుకున్నది ఒక్కటే, తిండి.

ఈ ముడి విప్పినవారిలో మన హైదరాబాదు వాళ్ళున్నారు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వుంది, మీలో చాలామంది ఆ దారిన బస్సులో వెళ్ళివుంటారు. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదు చేరిన సంస్థ అది. అక్కడి శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి గారూ, రమేష్ భట్ గారూ, వారి సహచరులూ ఆ పల్లెలకు వెళ్ళారు. ఇళ్ళలో గాదెల్లో వున్న మొక్కజొన్న తెచ్చి పరీక్ష చేశారు. ఆ యేడు కోతకు ముందు అకాల వర్షాలు పడ్డాయి. కంకులు తడిసి బూజు పట్టాయి. కొన్ని ఇళ్ళలో దొరికిన గింజల్లో కిలోకు 6 మిల్లీగ్రాములనుంచి 15 మిల్లీగ్రాముల పైదాకా అఫ్లటాక్సిన్ వుంది. మిల్లీగ్రాములే కదా అనిపిస్తుంది. దుకాణాల్లోకి వెళ్ళే ముందు శుద్ధి చేయవలసిన వేరుశెనగకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. లెక్క వేస్తే ఆ పల్లెల గింజల్లో వున్నది ఆ పరిమితికి నాలుగు వందల రెట్లనుంచి వెయ్యి రెట్లు.

ఆ పరిశోధన 1975లో ప్రచురితమైంది. జబ్బు పడినవారు 397 మంది. చనిపోయినవారు 106 మంది.

వాళ్ళకు బూజు కనబడలేదా? కనబడింది. తిండిలో చేదు తెలియలేదా? తెలిసే వుంటుంది. కాని అంతకుముందు కరువు, ఇంట్లో వేరే గింజ లేదు, కొనడానికి డబ్బు లేదు. పారేయడానికి మనసొప్పక కాదమ్మా వాళ్ళు తిన్నది. పారేస్తే ఆ పూట పిల్లలకు పెట్టడానికి ఏమీ లేక. పారేయగలగడం కూడా ఒక భాగ్యమేనని నాకు అది చదివాక తోచింది. అలాంటి భాగ్యం వున్న నేను, పారేయవలసిన దాన్ని ఇంకొకరి పిల్లలకు పెట్టబోయాను.

ముప్ఫై యేళ్ళ తర్వాత, 2004లో, ఆఫ్రికాలోని కెన్యా దేశంలో మళ్ళీ ఇదే జరిగింది. మళ్ళీ తడిసిన మొక్కజొన్నే. 317 మందికి జబ్బు చేస్తే 125 మంది పోయారు. అంటే ఇది గడిచిపోయిన కథ కాదు.

మంచి చేయబోయి చెడు జరిగిన సంగతి కూడా ఒకటి చెప్పాలి. వేరుశెనగలో నాలుగో వంతు మాంసకృత్తులే. అందుకని బక్కచిక్కిన పిల్లలకు వేరుశెనగ పిండి బలమని మన దేశంలో ఒకప్పుడు ఎంతో నమ్మకంగా పెట్టారు. నమ్మకం తప్పు కాదు, గింజ మంచిదైతే నిజంగా బలమే. అయితే మైసూరులో కొందరు పిల్లలకు పెట్టిన పిండిలో అఫ్లటాక్సిన్ వున్న సంగతి తర్వాత బయటపడింది. ఆ పిల్లల కాలేయాలు దెబ్బతిన్న తీరును అక్కడి పరిశోధకులు 1971లో ప్రచురించారు. ప్రేమతో పెట్టిన ముద్ద అయినంత మాత్రాన అది మంచి ముద్ద అయిపోదు. ముందు గింజ చూడాలి.

"అంత బూజు పట్టినవి మేమెందుకు తింటాం? మేం కొనేవి శుభ్రంగానే వుంటాయి" అని మీరనవచ్చు. నిజమే, ఒక్కసారిగా ప్రాణం తీసేంత విషం మన గిన్నెలో వుండదు. కాని కొంచెం కొంచెంగా యేళ్ళ తరబడి లోపలికి వెళితే ఏమవుతుందన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు చైనాలోని షాంఘై నగరంలో దొరికింది. అక్కడ పద్ధెనిమిది వేల మందికి పైగా మగవాళ్ళ రక్తమూ మూత్రమూ తీసి భద్రపరిచి, కొన్నేళ్ళు వాళ్ళ ఆరోగ్యాన్ని కనిపెట్టి చూశారు. 1994లో వచ్చిన ఫలితాల ప్రకారం, శరీరంలోకి అఫ్లటాక్సిన్ వెళ్ళిన గుర్తులున్న వాళ్ళకు కాలేయ క్యాన్సరు ప్రమాదం మూడు రెట్లకు పైగా పెరిగింది. హెపటైటిస్-బి వుండేవాళ్ళకు ఏడు రెట్లు. ఇక రెండూ వున్నవాళ్ళకు? ఏడూ మూడూ పది అనుకుంటాం. కాదు, దాదాపు అరవై రెట్లు! రెండు శత్రువులు చెయ్యి కలిపితే ఎలా వుంటుందో చూడండి.

మన కాలేయం ఆ విషాన్ని విరిచి బయటికి పంపాలనే ప్రయత్నిస్తుంది. ఆ విరిచే పనిలోనే అంతకన్నా చురుకైన పదార్థమొకటి పుట్టి, కాలేయం కణాల్ని దెబ్బతీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అఫ్లటాక్సిన్‌ను మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థాల్లో మొదటి వర్గంలో చేర్చింది.

అందుకే వంటింటి ప్రసంగంలో టీకా మాట తెస్తున్నాను. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోగా హెపటైటిస్-బి టీకా మొదటి మోతాదు వేయించాలి. తర్వాతి మోతాదులు వరసగా వేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో అది ఉచితం. మీ యింట్లో కోడలో, కూతురో నిండు నెలలతో వుంటే ఈ మాట చెప్పండి. మీ యింట్లో పనిచేసేవాళ్ళకూ చెప్పండి. ఇద్దరు శత్రువుల్లో ఒకణ్ణి అలా గుమ్మం బయటే ఆపవచ్చు.

రెండో శత్రువును ఆపడం ఎలా? దీనికి పెద్ద యంత్రాలు కావాలేమో అనుకున్నాను. ఆఫ్రికాలో గినీ అనే దేశంలో 2005లో ప్రచురించిన పరిశోధన చదివాక ధైర్యం వచ్చింది. ఇరవై పల్లెలు తీసుకున్నారు. అవన్నీ వేరుశెనగ తినే పల్లెలే. పదింటిలో ఎప్పటి పద్ధతులే వుంచారు. మిగతా పదింటిలో ఏంచేశారంటే, కాయల్ని వట్టినేల మీద కాకుండా చాపల మీద ఆరబోయించారు. చేత్తో చెడ్డవి ఏరించారు. బాగా ఎండాయో లేదో చూడడం నేర్పారు. గాలాడే నార సంచుల్లో పోయించి, సంచుల్ని నేలమీద కాకుండా చెక్కల మీద పెట్టించారు. పురుగు పట్టకుండా మందు చల్లించారు. అంతే! అయిదు నెలల తర్వాత మనుషుల రక్తం పరీక్ష చేస్తే, ఈ పది పల్లెల వాళ్ళలో అఫ్లటాక్సిన్ గుర్తులు మిగతా పల్లెల వాళ్ళతో పోలిస్తే సగానికన్నా తక్కువగా వున్నాయి.

చాప, చేట, గోనెసంచి, చెక్కపలక. వీటిలో మన అమ్మమ్మలు ఎరగనిదేముంది చెప్పండి?

అలాగని అంతా మన చేటతోనే తీరిపోతుందని చెప్పను. శాస్త్రజ్ఞుల పని వాళ్ళు చేస్తున్నారు. మన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థ వుంది. మెట్టపంటల మీద పరిశోధన దాని పని. గింజల్లో అఫ్లటాక్సిన్ ఎంతుందో తక్కువ ఖర్చుతో తేల్చే పరీక్ష సామగ్రిని అక్కడ తయారుచేశారు. చివరి రోజుల బెట్టను తట్టుకునే రకాల కోసం వెతుకుతున్నారు. బూజును అడ్డుకునే గుణాన్నీ, విషం తయారీని ఆపే గుణాన్నీ కలిపి మొక్కలోకి చేర్చి, ప్రయోగశాలలో మంచి ఫలితాలు చూశారు. అలాంటి విత్తనం ఇంకా రైతు చేతికి రాలేదు. ఆఫ్రికాలో ఇంకో ఉపాయం చేస్తున్నారు. అదే జాతి బూజులో విషం తయారుచేయనివి కూడా వుంటాయి. వాటిని పెంచి పొలంలో చల్లితే, అవి చోటు ఆక్రమించుకుని విషపు బూజును పెరగనివ్వవు. ముల్లును ముల్లుతోనే తీయడమన్నమాట.

ఇక మనం చేయగలిగిన పనులు చెబుతాను. కావాలంటే కాగితం మీద రాసుకోండి.

మొదటిది, కొనేటప్పుడు. పొడి కొట్టినవీ, పలుకులుగా చేసినవీ కాకుండా నిండు గింజ కొనండి. పొడిలో మనకేమీ కనబడదు. కాయలు దొరికితే మరీ మంచిది. పైడొల్ల గింజకు కవచం. కాయ వూపితే గలగలలాడాలి. అలా లాడకపోతే ఇంకా తడి వుందని అర్థం. చౌకగా వస్తోందని తడిచిన సరుకు కొనకండి. నెలకు సరిపడా కొనుక్కోండి గాని, వానాకాలంలో బస్తాలకొద్దీ నిలవ పెట్టకండి.

రెండోది, ఏరడం. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఈ విషం బస్తా అంతా సమానంగా పరుచుకుని వుండదు. నూటికో వెయ్యికో ఒక గింజలో విపరీతంగా వుంటుంది, పక్క గింజలో ఏమీ వుండదు. అందుకనే ఏరడం వల్ల అంత లాభం. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి, మీద బూజు చుక్కలున్నవి, బద్ద విరిగి లోపల నల్లబడినవి తీసేయండి. వేయించి పొట్టు తీశాక ఇంకోసారి చూడండి. లోపలి మచ్చలు అప్పుడు బయటపడతాయి. కంటికి బాగానే కనబడే గింజలో కూడా ఒక్కోసారి విషం వుండవచ్చు, అది నిజం. కాని ఏరితే ప్రమాదంలో పెద్ద భాగం చేటలోంచి బయటికి పోతుంది.

మూడోది, నోటి మాట వినడం. వుండ కొరకగానే ఒక గింజ చేదుగా తగులుతుంది చూడండి, దాన్ని మింగకండి. పిల్లలకు కూడా ఉమ్మేయమని నేర్పండి. "తిండి ఉమ్మకూడదు" అని మనం పిల్లల్ని కసురుతాం. ఈ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వండి.

నాలుగోది, నిలవ. బాగా ఎండినవే మూతబిగువు డబ్బాలో పోయండి. పొయ్యి పక్కనా, నీళ్ళ బిందె పక్కనా పెట్టకండి. తడిచెయ్యి, తడిగరిటె పెట్టకండి. బస్తా వుంటే గోడకు ఆనించకుండా, నేలకు తగలకుండా చెక్కపలక మీద పెట్టండి. ఈ జాగ్రత్తలు మొక్కజొన్నకూ, ఎండుమిరపకాయలకూ, ఎండుకొబ్బరికీ కూడా వర్తిస్తాయి. వాటికీ ఇదే బూజు పడుతుంది.

అయిదోది, నూనె. శుద్ధి చేసిన నూనెలో ఈ విషం పోతుంది. గానుగ నూనె ఇష్టపడేవాళ్ళు తమ గింజ తాము ఏరి ఆడించుకుంటే మేలు. గానుగాడినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే వుండిపోతుంది. ఆ చెక్క ఎక్కడికి పోతుంది? గేదెకు. గేదె తిన్న విషంలో కొంత భాగం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. పాలు కాచినా అది పోదు. అందుకని ఏరేసిన గింజలు ఆవుకో గేదెకో పెడితే పుణ్యమని అనుకోకండి. ఆ పుణ్యం గ్లాసులో పోసుకుని మన పిల్లలకే తిరిగి వస్తుంది.

ఇదంతా విని రేపటినుంచి వేరుశెనగ మానేస్తామని మాత్రం అనకండి. అలా అంటే నేనిక్కడికి వచ్చిన ఫలితం పోతుంది. మాంసం కొనలేని ఇంట్లో, పాలు చాలని ఇంట్లో పిల్లలకు బలమిచ్చేది ఆ గింజే. పండించే రైతుకు బతుకిచ్చేదీ అదే. గింజను అనుమానించమని కాదు, చూసి వాడమని.

మా బస్తా ఏమైందో చెప్పలేదు కదూ. మా వారితో చెప్పి, పెరట్లో గొయ్యి తవ్వించి, చెడినవన్నీ పాతిపెట్టించాను. బూజు మరీ ఎక్కువగా వుండడంతో, నేను మంచివని డబ్బాలో పోసినవి కూడా అందులోనే పోశాను. మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తూ, "లక్ష్మిని మట్టిపాలు చేస్తున్నావే" అన్నారు. ఆవిడకు బాన్స్‌వాడా సంగతీ, కుక్కల సంగతీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా చిన్నప్పుడు మా నాయనమ్మ చేట పట్టుకుని వెలుతుర్లో కూర్చుంటేగాని ఏరనిచ్చేది కాదు. చాదస్తమనుకునేవాళ్ళం" అన్నారు.

మర్నాడు మా యింట్లో పనిచేసే ఆవిడతో, "నీ మాట నిజమే. తప్పు నాది" అన్నాను. ఆవిడ నవ్వి వూరుకుంది. అప్పటినుంచి మా యింట్లో ఒక నియమం పెట్టుకున్నాం. మేం తినని గింజ ఇంకొకరికి ఇవ్వం. ఇవ్వాలనిపిస్తే మంచి డబ్బాలోంచే తీసి ఇస్తాం.

రేపు పొద్దున చట్నీకి గింజలు తీసినప్పుడు ఒక్క నిమిషం కిటికీ దగ్గరికి, వెలుతుర్లోకి వెళ్ళి చేట చూడండి. ఆ నిమిషం మీ పిల్లల కోసం. పుచ్చు గింజ కనబడితే జాలిపడకండి.